నెట్‌వర్క్ రకాలు అడిగారు కదా, ముందు ఆ తీగ ఎవరిదో చూడండి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిది పరీక్షకు సంబంధించింది. బీసీఏ చివరి ఏడాదిలో కంప్యూటర్ నెట్‌వర్క్ రకాలు, వాటి లాభనష్టాలు రాయాలి, కానీ లాన్, మాన్, వాన్, పీర్ టు పీర్, క్లయింట్ సర్వర్, స్టార్, బస్ అన్నీ కలగాపులగం అయిపోయి ఏది దేని కిందికి వస్తుందో అర్థం కావడం లేదన్నారు. రెండోది ఇంటి సంగతి. గుంటూరు మిర్చి యార్డు దగ్గర మీ నాన్నగారి కమిషన్ దుకాణంలో తొమ్మిది కంప్యూటర్లు ఉన్నాయి. వెనక స్థలంలో గోదాము, ఆరు కిలోమీటర్ల దూరంలో కోల్డ్ స్టోరేజీ, విజయవాడ ఆటోనగర్‌లో లారీల బుకింగ్ ఆఫీసు ఉన్నాయి. ఈ నాలుగు చోట్లా ఒకే లెక్కలు కనిపించాలంటే ఏ రకం నెట్‌వర్క్ పెట్టాలి అని.

నేను విజయవాడలో 2001 నుంచి ఈ పనే చేస్తున్నాను. కేబుల్ లాగడంతో మొదలుపెట్టాను, ఇప్పుడు ఆఫీసులకు నెట్‌వర్క్ వేసి పెట్టి, తర్వాత చూసుకుంటాను కూడా. మీ రెండు ప్రశ్నలకూ కలిపే రాస్తాను. ఎందుకంటే దుకాణం సంగతి అర్థమైతే పరీక్ష సమాధానం దానంతట అదే వస్తుంది.

పుస్తకాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఏమిటంటే, మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులను ఒకే జాబితాగా ఇస్తారు. నెట్‌వర్క్ ఎంత దూరం పరుచుకుంది అనేది ఒక ప్రశ్న. పాన్ (ఒక మనిషి చుట్టూ), లాన్ (ఒక భవనం లోపల), మాన్ (ఊరంత), వాన్ (ఊళ్ళు దాటి) దానికి జవాబులు. అందులో పెత్తనం ఎవరిది అనేది ఇంకో ప్రశ్న. పీర్ టు పీర్ (అన్ని కంప్యూటర్లూ సమానం), క్లయింట్ సర్వర్ (ఒక కంప్యూటర్ అందరికీ ఇస్తుంది) దాని కిందికి వస్తాయి. తీగలు ఏ ఆకారంలో కలిశాయి అనేది మూడోది. బస్, రింగ్, స్టార్, మెష్ అక్కడ రాయాలి. మీ నాన్నగారి దుకాణంలో ఇవాళ ఉన్నది దూరం లెక్కలో లాన్, పెత్తనం లెక్కలో పీర్ టు పీర్, ఆకారం లెక్కలో స్టార్. మూడూ ఒకేసారి నిజమే. ఈ విడదీత పేపర్ మీద మొదటి నాలుగు లైన్లలో రాసేయండి, మిగతాది సాఫీగా సాగుతుంది.

దూరం గురించి ఒక మాట. లాన్ అంటే చిన్నది, వాన్ అంటే పెద్దది అని మాత్రమే గుర్తుపెట్టుకుంటే పనిలో ఉపయోగపడదు. నేను ప్రతి చోటా మొదట అడిగే ప్రశ్న ఒక్కటే, ఆ తీగ ఎవరిది? మీ గోడల మధ్య మీరు డబ్బు పెట్టి వేసుకున్న తీగైతే అది లాన్. వేగం మీ ఇష్టం, నెలనెలా అద్దె లేదు, తెగితే మాత్రం బాగు చేసుకోవలసింది మీరే. ఇంకొకరి తీగ మీద నెలకు ఇంత అని కట్టి మీ సమాచారం పంపుకుంటే అది వాన్. ఎంత దూరమైనా వెళ్ళవచ్చు, కానీ ఎంత వేగం ఇస్తారో, తెగితే ఎప్పుడు అతుకుతారో వాళ్ళ చేతిలో ఉంటుంది. లాభనష్టాలు దాదాపు అన్నీ ఈ ఒక్క తేడాలోంచే పుడతాయి.

ఇక లాన్. తీగ మీద కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి మనం వాడే పద్ధతి, ఈథర్‌నెట్‌ను 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, ఆయన సహచరులు మొదలుపెట్టారు. అప్పుడు దాని వేగం సెకనుకు 3 మెగాబిట్ల లోపే. ఇప్పుడు మామూలు స్విచ్ (కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె) మీద కూడా 1 గిగాబిట్, అంటే వెయ్యి మెగాబిట్లు, వస్తోంది. నేను పనిలో చేరినప్పుడు గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్లో పాత కోయాక్సియల్ కేబుల్ ఇంకా నడుస్తోంది. టీవీ కేబుల్ లాంటి ఒకే తీగ హాలంతా తిరిగేది. ప్రతి కంప్యూటర్ వెనకా టీ ఆకారపు కనెక్టర్, రెండు చివర్లా 50 ఓమ్‌ల టెర్మినేటర్ ఉండేవి. ఒక పిల్లవాడు కుర్చీ వెనక్కి జరిపి ఆ టీ కాస్త ఊడదీస్తే పదహారు కంప్యూటర్లూ ఒక్కసారిగా ఆగిపోయేవి. ఎక్కడ ఊడిందో తెలియక నేల మీద పాకుతూ ఒక్కో కనెక్టర్ నొక్కి చూసేవాళ్ళం. బస్ టోపాలజీ (టోపాలజీ అంటే తీగల ఆకారం) నష్టం ఏమిటి అని పరీక్షలో అడిగితే ఇదే రాయండి, ఒక్క చోట తెగితే అందరికీ ఆగుతుంది, ఎక్కడ తెగిందో తొందరగా తెలియదు. తీగ తక్కువ పడుతుంది అన్నదే దాని లాభం.

స్టార్ వచ్చాక ఈ బాధ పోయింది. ప్రతి కంప్యూటర్ నుంచీ విడి తీగ స్విచ్ దాకా వస్తుంది. ఒక తీగ తెగితే ఆ ఒక్కటే ఆగుతుంది, స్విచ్ మీద ఏ లైటు ఆరిందో చూస్తే ఏ తీగో తెలిసిపోతుంది. తీగ ఎక్కువ పడుతుంది, స్విచ్ పోతే అందరికీ పోతుంది. ఆ రెండో నష్టానికి మందు చాలా తేలిక. అలాంటిదే ఇంకో స్విచ్ కొని అట్టపెట్టెతో సహా బీరువాలో పెట్టుకోండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకి సరుకు ముంచెత్తే రోజుల్లో, రైతు పట్టీ (అమ్మకం లెక్క చీటీ) కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంటే, కొత్త స్విచ్ కొనడానికి మనిషిని పంపే టైం ఉండదు. రింగ్, అంటే కంప్యూటర్లు వలయంలా కలిసేది, దాని గురించి ఒక్క వాక్యం చాలు. ఐబీఎం టోకెన్ రింగ్ 4, 16 మెగాబిట్ల వేగంతో ఒక కాలంలో నడిచింది, ఆఫీసుల్లో ఇప్పుడు కనిపించదు. మెష్ అంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఒకటికి మించిన దారులు ఉండడం. నమ్మకం ఎక్కువ, ఖర్చూ ఎక్కువ.

మీ దుకాణంలో లాన్ వేసేటప్పుడు మూడు సంగతులు పట్టించుకోండి. మొదటిది దూరం. రాగి కేబుల్ మీద స్విచ్ నుంచి కంప్యూటర్‌కి 100 మీటర్లే హద్దు. అందులో గోడలో వేసేది 90, రెండు చివర్లా వాడే చిన్న తీగలకు 10. నూట ఇరవై మీటర్లు లాగినా లైటు వెలుగుతుంది, అందుకే చాలామంది మోసపోతారు. లైటు వెలుగుతుంది గానీ మధ్యమధ్యలో ఆగుతూ ఉంటుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ వాళ్ళని తిడతారు.

రెండోది కేబుల్ నాణ్యత. మార్కెట్లో క్యాట్ 6 (నెట్‌వర్క్ కేబుల్‌లో ఒక రకం) అని రాసి సగం ధరకు అమ్మే డబ్బాల్లో చాలావరకు సీసీఏ ఉంటుంది. అంటే అల్యూమినియం తీగ మీద రాగి పూత. కొనే ముందు చివర బ్లేడుతో గీరి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే సీసీఏ. వంచితే తొందరగా విరుగుతుంది, కరెంటుని సరిగ్గా మోయదు. మీ సీసీ కెమెరాలు అదే తీగ మీద కరెంటు కూడా తీసుకునే రకమైతే ఒక్కోదానికి స్విచ్ 15.4 వాట్ల దాకా ఇస్తుంది. సీసీఏ మీద అంత పంపితే తీగ వేడెక్కుతుంది, దూరంగా ఉన్న కెమెరా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలగగానే ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంది. గోడలో ఒకసారి పూడ్చే తీగ పదిహేనేళ్ళు ఉంటుంది. అక్కడ మిగిల్చిన డబ్బు మిగిలినట్టు కాదు.

మూడోది మీ వ్యాపారానికే ప్రత్యేకం, మిర్చి ఘాటు. యార్డు చుట్టుపక్కల దుకాణాల్లో ఫ్యాన్ ఉన్న స్విచ్ విప్పితే లోపల ఎర్రటి దుమ్ము పొరలు పొరలుగా ఉంటుంది. విప్పినవాడికి అరగంట తుమ్ములు ఆగవు. ఫ్యాన్ లేని స్విచ్ తీసుకోండి. తలుపున్న గోడ పెట్టెలో మనిషి ఎత్తున బిగించండి. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే వైపు మాత్రం వద్దు.

లాన్‌కి ఉన్న పెద్ద నష్టం చాలామంది రాయరు. లోపల అందరూ ఒకరినొకరు నమ్ముతారు, కాబట్టి ఒకరి తప్పు అందరి మీదా పడుతుంది. వన్‌టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ దుకాణంలో దసరా ముందు శనివారం బిల్లింగ్ మొత్తం ఆగిపోయింది. వెళ్ళి చూస్తే స్విచ్ మీద లైట్లన్నీ ఆగకుండా ఒకే తీరున మిణుకుతున్నాయి. ఊడ్చే అమ్మాయి కింద వేలాడుతున్న తీగ చూసి, పాపం ఊడిపోయిందనుకుని, ఖాళీ రంధ్రంలో పెట్టింది. ఆ తీగ రెండో చివర కూడా అదే స్విచ్‌లో ఉంది. లూప్ అయిపోయింది. అందరికీ అని పంపిన ఒక్క ప్యాకెట్ (సమాచారపు చిన్న మూట) గిర్రున తిరుగుతూ లక్షలుగా పెరిగి దారంతా నిండిపోయింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, తీగను వేలాడదీసి వదిలేసిన పనివాళ్ళదే తప్పు. లూప్‌ను పసిగట్టి తనంతట తానే ఆ పోర్టు మూసేసే స్విచ్‌లు ఉన్నాయి. ధర కొంచెం ఎక్కువే అయినా, నడి సీజన్‌లో రెండు గంటల బిల్లింగ్ కంటే ఎక్కువ కాదు.

వైఫై కూడా లాన్ రకమే, వైర్‌లెస్ లాన్ అని రాయండి. మొదటి ప్రమాణం 1997లో వచ్చింది. తీగ అక్కర్లేదు, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఎక్కడైనా వాడుకోవచ్చు. నష్టం ఏమిటంటే ఒక చానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 మూడే చానళ్ళు. బ్రాడీపేటలో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఫోన్ తెరిచి చూడండి, పాతిక వైఫై పేర్లు కనిపిస్తాయి. వాళ్ళంతా ఆ మూడు చానళ్ళలోనే తోసుకుంటున్నారు. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, కానీ గోడ దాటే బలం తక్కువ. నా పద్ధతి ఏమిటంటే, కుర్చీలో కదలకుండా కూర్చునే కంప్యూటర్‌కి తీగ, చేతిలో తిరిగే దానికి వైఫై. లెక్కలు రాసే కంప్యూటర్‌ని వైఫై మీద నడపనివ్వను. ఎంట్రీ మధ్యలో సిగ్నల్ పోతే డేటా ఫైలు చెడిపోయిన సందర్భాలు చూశాను.

ఇప్పుడు పెత్తనం సంగతి. మీ దుకాణంలో తొమ్మిదింటిలో ఒక గుమాస్తా కంప్యూటర్లోనే లెక్కల డేటా ఉందని, మిగతావాళ్ళు ఆ ఫోల్డర్ షేర్ చేసుకుంటున్నారని రాశారు. అదే పీర్ టు పీర్. ఖర్చు లేదు, విడిగా సర్వర్ మనిషి అక్కర్లేదు, నాలుగైదు కంప్యూటర్ల దాకా నిక్షేపంగా నడుస్తుంది. నష్టాలు ఎదిగాకే కనబడతాయి. ఆ గుమాస్తా సాయంత్రం అలవాటుగా కంప్యూటర్ ఆపేస్తే ఎనిమిదిమంది ఆగిపోతారు. ఎవరు ఏది చూడవచ్చో ఒక చోట నిర్ణయించే వీలు లేదు. మామూలు విండోస్ 10, 11లో ఒక కంప్యూటర్‌కి ఒకేసారి 20 కనెక్షన్లకు మించి ఒప్పుకోదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఫోల్డర్ అందరికీ రాసే హక్కుతో తెరిచి పెడితే, ఒకరి కంప్యూటర్లోకి వచ్చిన రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం) ఆ ఫోల్డర్‌ని కూడా తాళం వేసేస్తుంది. 2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టుకుంది. విండోస్ ఫైల్ షేరింగ్ పాత పద్ధతిలో ఉన్న లోపం లోంచే అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. సరిదిద్దే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే వచ్చింది, చాలామంది వేసుకోలేదు.

క్లయింట్ సర్వర్ అంటే డేటాకి ఒక సొంత గది కట్టడం. సర్వర్ కంప్యూటర్ ఎవరూ పని చేయడానికి కూర్చోనిది. అది లెక్కలు మాత్రమే దాచి, అడిగినవాళ్ళకి వాళ్ళ హక్కు మేరకు ఇస్తుంది. బ్యాకప్ ఒక్క చోట తీసుకుంటే సరిపోతుంది. పని మానేసి వెళ్ళిన గుమాస్తా పాస్‌వర్డ్ ఒక్క చోట తీసేస్తే అన్ని చోట్లా పోతుంది. నష్టం మొదటి ఖర్చు, దాన్ని చూసుకునే మనిషి, అది పోతే అన్నీ పోతాయన్న భయం. మీకు తొమ్మిది కంప్యూటర్లు, మూడు బయటి చోట్లు అంటున్నారు. మీరు ఆ గీత దాటేశారు. పెద్ద మెషీన్ అక్కర్లేదు, రెండు డిస్కులు ఒకదానికొకటి అద్దంలా నడిచేది, యూపీఎస్ మీద ఉన్నది చాలు. డిస్కులు రెండు ఉన్నాయి కదా అని బ్యాకప్ మానకండి. పొరపాటున చెరిపేసింది రెండింట్లోనూ ఒకేసారి చెరుగుతుంది. మీరు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ అన్నారు. సిల్వర్ లైసెన్స్ ఒక్క కంప్యూటర్‌కే, ఒకే లాన్‌లో ఎక్కువమంది వాడాలంటే గోల్డ్ ఉండాలి. ముందు అది చూసుకోండి.

వెనక గోదాముకి ఏం వేయాలి అన్నదానికి నా సమాధానం ఫైబర్, దూరం అరవై మీటర్లే అయినా సరే. రాగి తీగ అంత దూరం హాయిగా వెళ్తుంది, అందులో అనుమానం లేదు. భయం పిడుగుతో. మంగళగిరి దగ్గర ఒక మిల్లులో ఆఫీసుకీ షెడ్డుకీ మధ్య ఆరుబయట రాగి కేబుల్ నేనే వేశాను. మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది, పిడుగు ఎక్కడో పొలంలో పడింది, మా తీగ మీద కాదు. అయినా తెల్లారేసరికి రెండు స్విచ్‌లు, మూడు కంప్యూటర్ల నెట్‌వర్క్ పోర్టులు కాలిపోయాయి. రెండు భవనాల ఎర్తింగ్ వేర్వేరు, మధ్యలో రాగి తీగ వంతెనలా ఉంది, ఆ దెబ్బ దాని గుండా వచ్చేసింది. గాజు తీగలో కరెంటు పారదు. ఆ రోజు నుంచి ఒక గోడ దాటి బయటికి వెళ్ళే ఏ తీగనీ రాగితో వేయలేదు. ఇలా ఒకే ఆవరణలో రెండు మూడు భవనాలను కలిపితే క్యాంపస్ నెట్‌వర్క్ అంటారు, పరీక్షలో ఆ మాట కూడా వాడండి. లోపల ఇనుప కవచం ఉన్న ఫైబర్ వేస్తే ఎలకలు కొరకవు, కానీ ఆ ఇనుప భాగాన్ని రెండు వైపులా పెట్టెలకు తగిలించకండి. తగిలిస్తే మళ్ళీ పిడుగుకు దారి ఇచ్చినట్టే.

కోల్డ్ స్టోరేజీ ఆరు కిలోమీటర్లు. దీన్ని పుస్తకం మాన్ అంటుంది, ఊరంత నెట్‌వర్క్ అని. నిజానికి ఊరంత తీగ మీరు వేయలేరు. కేబుల్ ఆపరేటర్లో, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలో వేసి ఉంచారు. ఇంటికొచ్చే ఫైబర్ చాలా చోట్ల జీపాన్ పద్ధతిది. ఒకే గాజు తీగని మధ్యలో కరెంటు అక్కర్లేని చిన్న గాజు ముక్కతో 32 లేదా 64 ఇళ్ళకు పంచుతారు. కిందికి సుమారు 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్లు అందరూ పంచుకుంటారు. మీరు 100 మెగాబిట్ల ప్లాన్ తీసుకున్నా సాయంత్రం ఎనిమిదికి వేగం ఎందుకు తగ్గుతుందో ఇక్కడ అర్థమవుతుంది. మన రాష్ట్రంలో 2017 డిసెంబర్‌లో ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా వేసిన తీగతో ఊళ్ళకు వెళ్ళింది. ఊరి స్థాయిని దాటి రాష్ట్రమంతా పరుచుకున్న నెట్‌వర్క్‌కి అది మంచి ఉదాహరణ.

మాన్‌కి మీరే సొంతదారు కావాలంటే ఒక దారి ఉంది, రేడియో లింకు. రెండు మేడల మీదా చిన్న డిష్‌లు, 5 గిగాహెర్ట్జ్. మన దేశంలో 2018 నుంచి ఆ బ్యాండ్‌లో చాలా భాగానికి లైసెన్స్ అక్కర్లేదు. ఆరు కిలోమీటర్లు దానికి పెద్ద దూరం కాదు. నెల అద్దె లేదు. కానీ ఒక డిష్ నుంచి ఇంకోటి కంటికి కనిపించాలి, కనిపిస్తే చాలదు, ఆ చూపు చుట్టూ కొన్ని మీటర్ల ఖాళీ కూడా ఉండాలి. ఇవాళ ఖాళీగా ఉన్న చోట వచ్చే ఏడాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచిందంటే మీ లింకు పోయినట్టే. లైసెన్స్ లేని బ్యాండ్ కాబట్టి పక్కవాడు అదే చానల్ మీద వస్తే ఫిర్యాదు చేసే చోటు కూడా లేదు. గాలివానకు స్తంభం అంగుళం పక్కకి తిరిగితే మళ్ళీ ఎక్కి సరిచేయాలి. అయినా కోల్డ్ స్టోరేజీలో మీకు కావలసింది ఏ లాటు ఎన్ని టిక్కీలు లోపలికి వెళ్ళాయి, ఎన్ని బయటికి వచ్చాయి అన్న లెక్క, కొన్ని కెమెరాలు. దానికి రేడియో లింకు సరిగ్గా సరిపోతుంది.

ఇక విజయవాడ. ఇక్కడ వాన్ తప్ప గతి లేదు. ఇప్పటి ఇంటర్నెట్‌కి మూలమైన ఆర్పానెట్ అనే వాన్ 1969లో అమెరికాలో మొదలైంది. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చింది. అప్పట్లో ఫోన్ లైను మీద డయల్ చేసి పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు మీకు రెండు దారులు. లీజు లైను అంటే ఒప్పుకున్న వేగం మీకే కేటాయించి, తెగితే ఇన్ని గంటల్లో బాగు చేస్తాం అని రాసిచ్చేది. ధర బ్రాడ్‌బ్యాండ్‌కి ఎన్నో రెట్లు. బ్యాంకులు, ఆసుపత్రులు తీసుకుంటాయి. మీకు వద్దు. రెండు వైపులా మామూలు ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ తీసుకుని మధ్యలో వీపీఎన్ నడపండి. వీపీఎన్ అంటే బహిరంగ రోడ్డు మీద మూసిన బండిలో సరుకు పంపడం. రోడ్డు అందరిదీ, బండిలో ఏముందో మీకే తెలుసు.

అందులో రెండు మెలికలు ఉన్నాయి, ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. మామూలు బ్రాడ్‌బ్యాండ్‌లో మీ రౌటర్‌కి (దుకాణాన్ని ఇంటర్నెట్‌కి కలిపే పెట్టె) సొంత బహిరంగ చిరునామా ఇవ్వకపోవచ్చు. రౌటర్ తెరిచి దాని బయటి చిరునామా చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఒకే చిరునామాని చాలామందికి పంచుతున్నారని అర్థం. బయటినుంచి మీ దుకాణాన్ని పిలవడం కుదరదు. గుంటూరులో మాత్రం అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత బహిరంగ చిరునామా, తీసుకోండి. అది ఒక వైపు ఉంటే చాలు, రెండో వైపు రౌటర్ ఆ చిరునామాని పిలుస్తుంది. రెండో మెలిక, అన్ని రౌటర్లూ ఫ్యాక్టరీ నుంచి 192.168.1 తోనో 192.168.0 తోనో వస్తాయి. రెండు ఆఫీసుల్లోనూ అదే ఉంటే వీపీఎన్ వేసినా ఏ చిరునామా ఎటువైపుదో రౌటర్‌కి తెలియదు. మొదటి రోజే గుంటూరుకి 192.168.10, కోల్డ్ స్టోరేజీకి 20, ఆటోనగర్‌కి 30 అని పెట్టుకోండి. తర్వాత మార్చడం పెద్ద తలనొప్పి.

వీపీఎన్ వేశాక అందరూ చేసే తప్పు ఒకటి చెప్తాను. విజయవాడ కంప్యూటర్లో గుంటూరు ట్యాలీ ఫోల్డర్‌ని నేరుగా తెరుస్తారు. రిపోర్టు కోసం నిమిషాలు కూర్చుంటారు. వేగం చాలలేదని 300 మెగాబిట్ల ప్లాన్ కొంటారు, అయినా మారదు. కారణం వెడల్పు కాదు, రాకపోకల ఆలస్యం. అలాంటి సాఫ్ట్‌వేర్ ఒక రిపోర్టుకి చిన్న చిన్న ముక్కలుగా కొన్ని వేల సార్లు ఫైలుని అడుగుతుంది. ఉదాహరణకు 5,000 సార్లు అనుకోండి. లాన్‌లో ఒక్కో రాకపోక అర మిల్లీసెకను, మొత్తం రెండున్నర సెకన్లు. వాన్ మీద 20 మిల్లీసెకన్లు అయితే 100 సెకన్లు. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. గుంటూరు నుంచి విజయవాడకి ముప్పై చిల్లర కిలోమీటర్లే, నేరుగా పోతే అర మిల్లీసెకను కూడా పట్టదు. కానీ రెండు చోట్లా కంపెనీలు వేరైతే మీ ప్యాకెట్ హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్ళి అక్కడ కంపెనీ మారి కృష్ణ దాటాలి. అందుకని ఫైలుని ఇక్కడికి లాగకండి. గుంటూరులోనే పని జరగనిచ్చి తెర మాత్రం ఇక్కడ చూసే రిమోట్ డెస్క్‌టాప్ వాడండి. లైను తెగినా అక్కడి పని చెడిపోదు, మళ్ళీ కలిశాక ఆపిన చోటే ఉంటుంది. అయితే ఆ రిమోట్ డెస్క్‌టాప్ పోర్టుని వీపీఎన్ లేకుండా నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రాన్సమ్‌వేర్ వాళ్ళు పగలూ రాత్రీ వెతికే తలుపు అదే.

రెండు బ్రాడ్‌బ్యాండ్‌లు ఉంటే ధీమా అనుకుంటారు. కంపెనీలు రెండైనా తీగలు ఒకే స్తంభం మీదుగా వస్తే లారీ ఒక్కసారి తగిలితే రెండూ తెగుతాయి. బయటికి వచ్చి తల ఎత్తి చూడండి. రెండోది వేరే దారిలో రాకపోతే దాని బదులు మొబైల్ సిమ్ రౌటర్ పెట్టుకోండి. పల్లెల్లో తీగే లేని చోట ఉపగ్రహం కూడా ఉంది. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల పైన ఉంటుంది కాబట్టి ఒక్కో రాకపోకకి అర సెకను దాటుతుంది. మీకు అది అవసరం లేదు.

ఆటోనగర్ ఆఫీసు గురించి ఒకటి అడగాలి. పక్కన లారీ బాడీ కట్టే షెడ్డు గానీ, వెల్డింగ్ గానీ ఉందా? ఉంటే లోపలి నెట్‌వర్క్ కేబుల్‌ని కరెంటు తీగలున్న పైపులో కలిపి వేయకండి. వెల్డింగ్ మొదలైనప్పుడల్లా నెట్ ఆగుతోందని పిలిచిన ఆఫీసులు ఆ ప్రాంతంలో నాకు చాలా ఉన్నాయి. తీగ దారి మార్చగానే బాగుపడ్డాయి.

పాన్ గురించి పరీక్షకు రెండు మాటలు చాలు. ఒక మనిషి చుట్టూ ఉండే పరికరాలు, బ్లూటూత్, సుమారు 10 మీటర్లు, ఒక పరికరం కింద ఒకేసారి ఏడు. కరెంటు తక్కువ తింటుంది, వేగం తక్కువ.

ఖర్చు దేనికి ముందు పెట్టాలో అడిగారు. మొదట బ్యాకప్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో నేను చూసుకునే ఒక ఆఫీసులో సర్వర్, దాని పక్కనే బ్యాకప్ డిస్కు, రెండూ కింది అంతస్తులో నేల మీద ఉన్నాయి. నీళ్ళు తగ్గి లోపలికి వెళ్ళేసరికి రెండూ బురదలో ఉన్నాయి. బ్యాకప్ ఇంకో చోట పెట్టమని గట్టిగా పట్టుబట్టనందుకు నాకు ఇప్పటికీ బాధ. మీకు అదృష్టం కొద్దీ రెండు ఊళ్ళు ఉన్నాయి. గుంటూరు లెక్కలు ప్రతి రాత్రీ వీపీఎన్ మీద ఆటోనగర్‌కి కాపీ అయ్యేలా పెట్టండి. రోజువారీ మార్పులే వెళ్తాయి కాబట్టి మామూలు ప్లాన్ చాలు. దాని తర్వాత సర్వర్, యూపీఎస్, తర్వాత గోదాము ఫైబర్. కోల్డ్ స్టోరేజీ లింకు చివరికి పెట్టుకున్నా ఫర్వాలేదు. మే నెలలో యార్డుకి వేసవి సెలవులు ఇస్తారు కదా, గోడలు కొట్టే పనులు అప్పుడు పెట్టుకోండి.

ఈలోగా మీరు మూడు పనులు చేసి నాకు చెప్పండి. దుకాణంలో స్విచ్ ఉన్న చోటు నుంచి గోదాము లోపలి బల్ల దాకా గోడ వెంబడి టేపు పెట్టి కొలవండి, గాలిలో అంచనా వద్దు. మేడ మీది నీళ్ళ ట్యాంకు ఎక్కి కోల్డ్ స్టోరేజీ వైపు ఫొటో తీయండి, మధ్యలో చెట్లు, కట్టే భవనాలు కనిపించాలి. రౌటర్ బయటి చిరునామాలో చుక్కలతో విడదీసిన మొదటి రెండు సంఖ్యలు మాత్రమే రాయండి, మొత్తం ఎవరికీ చూపించకండి. ఆ మూడూ తెలిస్తే ఎంత కేబుల్ కొనాలో, డిష్ పెట్టాలో వద్దో ఖాయంగా చెప్పగలను.